అయిదో గుండీ

కాలరు గుండీ లెక్కలోకి రాదు. దాని కింద నుంచి రాయమల్లు ఒక్కో గుండీ పెట్టుకుంటూ "న్యూ... మో... కో... ని..." అన్నాడు. అయిదో గుండీ దగ్గర వేలు ఆగింది. దాన్ని కూతురు స్పందన ఎర్ర దారంతో కుట్టింది.

"గీడ గట్టిగ ఒత్తాలె బాపూ. ఓ! ఆఖర్న సిస్. అంతే."

స్పందన ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతుంది. పెద్ద మాటల్ని పిల్లలకూ ఇలాగే ముక్కలు చేసి నేర్పుతుంది. ఈ మాట బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే జబ్బు పేరు. శ్రీరాంపూర్‌లో ఓ కాంట్రాక్టరు కింద తల నెరిసేదాకా బొగ్గు ఎత్తిన రాయమల్లుకు అదే ఉందని కరీంనగర్‌లో ఒక డాక్టరు నోటిమాటగా చెప్పాడు. పరిహారం రావాలంటే గని కూలీల వైద్య క్యాంపులో డాక్టరు ఆ పేరు కాగితం మీద రాయాలి. రాయకపోతే రేపు భార్య దుర్గవ్వకు ఏ ఆధారమూ ఉండదు. పోయినసారి ఆయాసం గురించి "దమ్మొస్తుంది సార్" అన్నందుకు బీడీ దగ్గని రాశారు. స్పందన ఆ జబ్బు పేరు రాసిచ్చిన చీటీ చూపిస్తే పక్కన పడేశారు. అందుకే ఈసారి పేరు నోటితోనే చెప్పాలి. జన్మలో బీడీ ముట్టని మనిషికి ఆ మాట దగ్గుకన్నా ఎక్కువ బాధ పెట్టింది.

చిక్కల్లా ఆ "ఓ" దగ్గరే. తెలుగులో ఏ అక్షరమైనా ఉన్న ఊపిరితో సర్దుకుపోతుంది. ఈ ఇంగ్లీషు మాట మాత్రం నాలుగు మెట్లు ఎక్కించి, ఆయాసం వచ్చాక బలం చూపించమంటుంది.

"ఆ గుండీ కాడికి జర దమ్ము దాచుకో" అంది దుర్గవ్వ.

ఆటోలో దారంతా గుండీలు తడుముకుంటూనే వెళ్లాడు. క్యాంపులో డాక్టరు "ఏం పెద్దాయనా?" అన్నాడు. రాయమల్లు మొదటి గుండీ మీద వేలు పెట్టి నోరు తెరిచాడు.

"ముందు చొక్కా విప్పు."

విప్పి స్టూలు మీద పెట్టాడు. చల్లటి గొట్టం రొమ్ముకు తగిలింది. ఇక చెప్పమన్నట్టు డాక్టరు తలెత్తాడు. రాయమల్లు వేలు ఒట్టి పక్కటెముకల మీద వెతుక్కుంది. "న్యూ... మో... కో... ని..." తర్వాత దగ్గొచ్చింది. అది ఆగేసరికి డాక్టరు రాయడం ముగించాడు.

"బీడీలు మానెయ్."

నేను తాగలే సార్ అనడానికి కూడా ఊపిరి అందలేదు. చొక్కా తొడుక్కుని, చేతికందిన ఒక్క గుండీ పెట్టుకుని బయటికొచ్చాడు.

ఇంట్లో ఆ చొక్కాను తల మీదుగా లాగి కొక్కేనికి తగిలించాడు. "రాయలే" అని దుర్గవ్వతో ఒక్క మాట అని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం ఆమె గంజి తెచ్చి పిలిస్తే పలకలేదు. భుజం పట్టి కుదిపితే ఒళ్లు చల్లగా ఉంది.

బడి నుంచి పరుగున వచ్చిన స్పందన గడపలోనే కూలబడింది. ఎట్ల పోయిండని వాడకట్టు వాళ్లు అడుగుతున్నారు.

"దమ్ముతోని" అంది దుర్గవ్వ. ఆమెకు తెలిసిన పేరు అదే.

కొక్కేనికి చొక్కా వేలాడుతోంది. గుండీలన్నీ విప్పి ఉన్నాయి, ఎర్ర దారంతో కుట్టింది ఒక్కటే కాజాలో ఉండిపోయింది.