బ్రేకు వారం

తొమ్మిదో తిప్పు దగ్గర వాల్వు మొరాయించింది. హంపయ్య వాల్వు గుంత అంచున కాళ్లు ఎడం చేసి నిలబడి, రొమ్మెత్తు ఇనుపకడ్డీ పిడిని ఎదకానించి బలమంతా వేశాడు. అడుగున పైపు గుర్రుమంది. బ్రూస్‌పేట సందులో బిందెలు కదిలాయి. కాయలు కాసిన అరచేతులు ఎప్పుడో మొద్దుబారాయి. పిడికి చుట్టిన పాత పంచెపేలికే వాటికంటే మెత్తగా ఉంది.

కొళాయి దగ్గర దుర్గక్క నవ్వింది. “ఏమప్పా హంపయ్యా, ఈ పొద్దునించి నీకు బ్రేకంట గదా? మల్ల నీళ్లెట్ల వస్తాండాయి?”

“నీళ్లకు బ్రేకు లేదు గదక్కా.”

ఇరవై రెండేండ్లుగా ఇదే తంతు. ఏడాదికొక వారం కాంట్రాక్టరు పాసు లాక్కుంటాడు, హాజరు పుస్తకంలో నీళ్ల ఆఫీసువాళ్లు గీత కొడతారు, ఎనిమిదో రోజు కొత్త పాసు వస్తుంది. ఆ వారం కూడా హంపయ్య వాల్వు తిప్పుతూనే వచ్చాడు. పదిరోజులకొకసారి నీళ్లు చూసే వీధులు. ఆడోళ్లు ఏం పాపం చేశారని ఆపేది? ఒక్క ఏడన్నా చేతులు కట్టుకుని కూర్చునుంటే ఊరంతా ఆఫీసు మీద పడుండేది. ఆ బుద్ధి అప్పుడు లేకపోయింది.

పర్మనెంటు జాబితా వేస్తున్నారని విని పదిగంటలకు ఆఫీసుకు పోయాడు. గుమాస్తా సిద్దేశ్ కాగితంలో ఒక ఇంగ్లీషు మాట కింద వేలు పెట్టాడు. కంటిన్యువస్. మధ్యలో ఎక్కడా తెగకుండా అని అర్థం చెప్పాడు. హంపయ్య సర్వీసు ఇరవైరెండుసార్లు తెగిందట.

“యాడ తెగిందప్పా? ఒక్క పొద్దన్నా నీళ్లు నిలిచినాయా, చెప్పు.”

“నీళ్ల మాట కాదు. హాజరిలో ఉండాల. అర్థ ఆయ్తా?” అర్థమైందా అని కన్నడంలో అడిగాడు సిద్దేశ్.

“రాసేదీ మీరే. తెంపేదీ మీరే. మల్ల అర్థం నాకు చెప్తాండావు.”

సిద్దేశ్ ఫ్యాను పెంచుకున్నాడు.

సాయంత్రం పోకూడదనే అనుకున్నాడు. కానీ పొద్దున తెరిచిన ఈ వాల్వు మూయకపోతే రేపు పక్కవీధికి నీళ్లెక్కవు. పోయాడు. నాలుగు తిప్పులు తిరిగాయి. ఐదోదానికి గుంత అంచున కూర్చుని గోడకు ఆనుకున్నాడు. దుర్గక్క బిందె దింపి పిలిచింది. పలకలేదు.

మూడోనాడు హంపయ్య భార్య కరియమ్మ ఆఫీసుకు పోయింది. డ్యూటీలో చచ్చిపోతే ఇంట్లో ఒకరికి పని ఇస్తారని ఎవరో చెప్పారు. సిద్దేశ్ పుస్తకం తిప్పి చూపించాడు. ఆ రోజు హంపయ్య డ్యూటీలోనే లేడు. అసలు ఆ గుంత దగ్గరికి ఏం పనని పోయినట్టు, అని ఎదురడిగాడు.

“మీ ఇంట్లో బిందెలు నింపనీకె పోయినాడప్పా,” అంది కరియమ్మ.

ఆమె ఇంటికి తిరిగొచ్చేటప్పుడు కూడా మోరీలో నీళ్లు పారుతూనే ఉన్నాయి. పక్కవీధికి చుక్క ఎక్కలేదు. గుంతలో కడ్డీ నాలుగో తిప్పు దగ్గరే నిలబడి ఉంది, పిడికి చుట్టిన పంచెపేలిక రెండు చేతులు పట్టుకున్న మేర నల్లగా.