తువ్వాలు కింది మాట

నేను ఒక తువ్వాలును. తుండుగుడ్డే కదా అని మూతి విరవకండి. చీరాల మగ్గం మీద పుట్టాను. ఎర్రంచు, గట్టి నేత, ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు దిగని జాతి. నన్ను నేసినాయన మగ్గం మీంచి దించుతూ, "నాలుగు ముఖాలు తుడిచి బతుకుతుందిలే" అన్నాడు. పాపం, ఆయనకేం తెలుసు? నేను తుడిచిన ముఖాలకంటే దాచిన చేతులే ఎక్కువ.

నన్ను కొన్నవాడు కోటిలింగం. పసుపు యార్డులో దలారీ, అంటే అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య బేరం కుదిర్చేవాడు. ఆ యార్డులో ధర నోటితో చెప్పరు. ఇద్దరూ చేతులు కలుపుతారు, పైన నన్ను కప్పుతారు. వేలు పట్టుకుంటే వెయ్యి, కణుపు నొక్కితే వంద. పైకి మాత్రం "మీ వైపు వానలెట్టా ఉన్నయ్?", "ఏం వానలండీ, నా మొహం" అంటూ లోకాభిరామాయణం. కింద వేళ్ళు కుస్తీ పడుతుంటాయి. కుదిరిందంటే కుదిరినట్టే. తువ్వాలు కింద ఒప్పుకుని మాట తప్పినవాడితో మళ్ళీ యార్డులో ఎవరూ చెయ్యి కలపరు. కాగితం లేదు, సాక్షి లేదు. అయినా కోటిలింగం దాన్ని దేవుడి ముందు చేసిన ప్రమాణంలా చూసుకునేవాడు. నాకెంత గర్వంగా ఉండేదో!

ఆ గర్వాన్ని యార్డులో పసుపు అమ్మే పూర్ణయ్య షావుకారు మట్టిలో కలిపాడు. అసలు ధర నా కింద, అందులో సగం ధర బిల్లులో. మిగతా సగం నగదుగా ఆయన ఇంటికి. ప్రభుత్వానికి కట్టే పన్ను ఆ సగానికే. అక్కడితో ఆగినా బాగుండేది. ఒకరోజు కోటిలింగాన్ని పిలిచి, "ఎన్నాళ్ళని దలారీగా ఉంటావురా? నీ పేరు మీద కొట్టు పెడుతున్నా. ఇక నువ్వూ షావుకారువే" అన్నాడు. పిచ్చి మారాజు పొంగిపోయాడు. కొట్టుకి బోర్డు కడితే, అతని భార్య మంగతాయారు దానికి బొట్టు కూడా పెట్టింది. సంతకాలు కోటిలింగానివి, సరుకూ లాభమూ పూర్ణయ్యవి. ఏ ధరకి బిల్లు రాయాలో రోజూ పక్కన కూర్చుని నా కిందే వేళ్ళతో చెప్పేవాడు. నోరు విప్పి ఒక్క మాట అన్నాడా అంటే, ఒట్టు, అనలేదు.

చివరికి పన్నుల వాళ్ళు వచ్చి కొట్టు మూయించారు. దొంగ బిల్లులు, మోసం, పన్ను ఎగవేత అని క్రిమినల్ కేసు పెట్టారు. మొదటి ముద్దాయి కోటిలింగం, రెండో ముద్దాయి పూర్ణయ్య. అసలు దొంగ ఎవరో ఊళ్ళో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. కానీ కోర్టుకి తెలియడం చాలదట, రుజువు కావాలట! ప్రభుత్వ వకీలమ్మ మంచి మనిషి. కోటిలింగానికి చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"కాగితాలన్నీ నీ మెడకే చుట్టుకున్నాయయ్యా. ఆయన్ని పట్టిచ్చేది ఒక్కటీ లేదు. ఆయన ఎట్టా చేయించాడో నువ్వు చెబితే, నిన్ను సాక్షిగా తీసుకోమని కోర్టుని అడుగుతాను. చెప్పకపోతే జైలుకెళ్ళేది నువ్వొక్కడివే."

"రేపు చెబుతానమ్మా" అన్నాడు కోటిలింగం. తువ్వాలు కింది సంగతి బయటపెట్టడానికి అతనికి మనసొప్పడం లేదు. అయినా చెబుతానన్నాడు. మంగతాయారు ఆ పూట కడుపునిండా అన్నం తింది.

మర్నాడు కోర్టు వరండాలో పూర్ణయ్య వచ్చి బెంచీ మీద అతని పక్కనే కూర్చున్నాడు. "ఎండలు మండిపోతున్నయ్ గదరా" అంటూ కోటిలింగం భుజం మీంచి నన్ను లాగి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. నాకు గుండె లేదు గానీ, ఉంటే గుభేలుమనేది.

"నీ ఇంటి సంగతి నేను చూసుకుంటా. నువ్వు లోపలున్నన్నాళ్ళూ నెలకి..." అని ఆపి, మిగతాది వేళ్ళతో చెప్పాడు.

కోటిలింగం వేళ్ళు ఆ లెక్కని మళ్ళీ ఒకసారి తడిమి చూసుకున్నాయి. ఒరే పిచ్చోడా, వద్దురా అని అరవాలనిపించింది. నూలుపోగులకి నోరెక్కడిది? కాసేపటికి అతను తిరిగి నొక్కాడు. బేరం కుదిరింది.

"పూర్ణయ్య చెబితేనే ఈ బిల్లులు రాశావా?" అని జడ్జిగారు అడిగారు.

"లేదండయ్యా. అంతా నేనే చేశాను."

వకీలమ్మ తల పట్టుకుంది. అయినా తన శక్తికొద్దీ వాదించింది. అవతలి వకీలు లేచి, "నా క్లయింటు చెప్పాడంటున్నారు. ఎవరు విన్నారు? ఎవరు చూశారు?" అన్నాడు. ఎవరూ చూడకూడదనే కదండీ నన్ను కప్పింది! పూర్ణయ్య మీద అనుమానమే తప్ప రుజువు లేదని వదిలేశారు. కోటిలింగానికి మూడేళ్ళు వేశారు. పోలీసులు తీసుకుపోతుంటే అతను నన్ను భార్య చేతిలో పెట్టి, పూర్ణయ్య నెలకి ఎంత ఇస్తానన్నాడో ఆమె చెవిలో చెప్పి, "బెంగపడమాకే. బేరం కుదిరింది" అన్నాడు.

ఆ నెల ఏమీ రాలేదు. పై నెలా రాలేదు. మంగతాయారు నన్ను భుజాల చుట్టూ కప్పుకుని పూర్ణయ్య గుమ్మం ఎక్కింది.

"మా ఆయనకి తువ్వాలు కింద మాటిచ్చారంట గదండీ."

ఆయన కాఫీ గ్లాసు దించకుండానే, "ఏం మాటమ్మా? ఎవరు విన్నారు? ఎవరు చూశారు?" అన్నాడు.

నేనక్కడే, ఆమె భుజాల మీదే ఉన్నాను. ఇంత చూసి ఏం లాభం? నా బతుకంతా చూడటమే గానీ చెప్పింది లేదు. ఆ సిగ్గు ఎన్ని ఉతుకులు ఉతికినా పోవడం లేదు.

ఇప్పుడామె బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్ముతోంది. వేడి గిన్నెలు దించే మసిగుడ్డను నేనే. జైలుకి వెళ్ళే రోజున మాత్రం నన్ను ఉతికి ఆరేసి వెంట తీసుకెళ్తుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు కోటిలింగం చిక్కి సగమై ఉన్నాడు. మధ్యలో ఇనుప జాలీ, చుట్టూ జనం. కళ్ళతోనే నన్ను చూపించి, జాలీ సందులోంచి వేళ్ళు బయటపెట్టాడు. ఆమె నన్ను కప్పింది. పెళ్ళయిన కొత్తలో సరదాకి అతనే నేర్పిన లెక్క అది. నెలకి ఎంత ఇస్తున్నాడని అతని వేళ్ళు అడిగాయి. వరండాలో కుదిరిన బేరం ఎంతో, ఒక్క కణుపు తేడా లేకుండా ఆమె అంతే నొక్కింది.

కోటిలింగం ముఖం విప్పారింది. "చూశావా? తువ్వాలు కింది మాటంటే అట్టా ఉంటది."

మంగతాయారు నన్ను తీసి ముఖం తుడుచుకుంది. "ఎండలు మండిపోతున్నయ్" అంది.