షిరాజ్ పక్కన సారక్క కూర

దుబాయి హోటల్లో పదకొండేళ్లు వైన్ పోసి వచ్చిన రాజ్‌కుమార్‌ను, కరీంనగర్‌లో కొత్తగా హోటల్ తెరిచిన గోపాల్ సేటు పిలిచి మరీ పనిలో పెట్టుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు మంది గ్రానైట్ వ్యాపారులకు విందు. నాసిక్ తోటల షిరాజ్ రెడ్ వైన్ రుచి చూపించి, దానికి నప్పే వంటకం పక్కన పెట్టాలి.

శుక్రవారం రాజ్‌కుమార్ వంటగదిలో సీసా తెరిచాడు. చీజ్, వెన్న వేసిన చికెన్ పెట్టాలని ముందే అనుకున్నాడు. అతను గ్లాసు తిప్పి వాసన చూస్తుంటే సేటు, "సారక్కకు గూడ ఇయ్యి. వండేది ఆమెనే గద" అన్నాడు.

సారక్కది శ్రీరాంపూర్. భర్త బొగ్గుబావిలో రిటైరయ్యాక ఇద్దరూ కరీంనగర్‌లోని కూతురి దగ్గరికి వచ్చేశారు. ఆమె వైన్ ఎన్నడూ ముట్టలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని కాసేపు కళ్లు మూసుకుంది.

"అల్లనేరేడు పండ్ల వాసన సేటూ. ఎనుకనుంచి మిరియాలు దంచినట్టు వస్తుంది."

రాజ్‌కుమార్ మొహం మాడిపోయింది. ఆ రెండు వాసనలూ పట్టుకోవడానికి దుబాయిలో అతనికి ఏడాది పట్టింది.

ఆమె ఒక్క గుక్క నోట్లో తిప్పి సింకులో ఉమ్మేసింది. "నాలుకను గుంజుతుంది. దీనికి కొవ్వున్న మాంసం గావాలె. కారం ఎక్కువైతే నోరు మండుతది. మేకమాంసం నువ్వులు, మిరియాలేసి మెల్లగ ఉడకబెడ్త."

సేటు ఎగిరి గంతేసినంత పని చేశాడు. విందు కార్డు మీద సారక్క పేరు వేయించాడు. రాజ్‌కుమార్ పేరు దాని కింద, చిన్న అక్షరాల్లో ఉంది. రెండు రోజులు అతనికి అన్నం సయించలేదు. ఆమె ఎవరితో నవ్వినా తనను చూసే నవ్విందనిపించింది.

ఆదివారం మాంసం సన్నటి సెగ మీద ఉడుకుతోంది. సారక్క చీర మార్చుకోవడానికి వెళ్లింది. మిగతావాళ్లు హాల్లో బల్లలు సర్దుతున్నారు. రాజ్‌కుమార్ కారం డబ్బా తీశాడు. చెంచా కనబడలేదు. మూడు పిడికిళ్లు గిన్నెలో వేసి కలిపి, సబ్బుతో చేతులు కడుక్కొని హాల్లోకి వెళ్లిపోయాడు.

తిరిగొచ్చిన సారక్క రసం నాలుకకు రాసుకొని ఉలిక్కిపడింది. "గిందుల ఎవలు చెయ్యి పెట్టిన్రు?" ఆమె రసమంతా పారబోసింది. ముక్కల్ని వేడినీళ్లలో కడిగి, నెయ్యిలో కొత్తగా నువ్వుల పొడి, మిరియాలు వేసి వేయించింది. ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. అంతసేపూ రాజ్‌కుమార్ అతిథుల ముందు నిలబడి వైన్ గురించి మాట్లాడాల్సి వచ్చింది. వేరే మాటలు తోచక అల్లనేరేడు, మిరియాలు అన్నాడు.

మాంసం వచ్చింది. ఓ ముక్క నమిలి ఓ గుక్క తాగిన అతిథుల్లోని పెద్దాయన, వండిన మనిషిని చూడాలన్నాడు. సారక్కను రాజ్‌కుమారే పిలుచుకు రావాల్సి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అతనూ కొట్టాడు.

అతిథులు వెళ్లాక ఆమె అతని దగ్గరికి వచ్చింది. "చెయ్యి చూపెట్టు తమ్మీ." వాసన చూసి వదిలేసింది. "సబ్బుకు గూడ పోలే కారం. నీకు నేనేం చేసిన?"

"ఏం జెయ్యలే అక్కా. పదకొండేండ్లు నేర్సుకున్నది నువ్వు ఒక్క గడియల చెప్పినవ్. కుళ్లుకున్న."

"ఒక్క గడియనా? ముప్పై ఏండ్ల సంది పొయ్యి ముందట నిలవడ్డ. అది నీకు కనవడలే."

ఆమె సేటుకు చెప్పలేదు. సాయంత్రం రాజ్‌కుమారే వెళ్లి చెప్పాడు. సేటు, "ఇగ వంటింట్ల అడుగువెట్టకు. హాలు కాడికే నీ పని" అన్నాడు.

నెల తర్వాత మరో తోట షిరాజ్ వచ్చింది. రాజ్‌కుమార్ గ్లాసు పట్టుకొని వంటింటి గుమ్మం ఇవతలే నిలబడ్డాడు. సారక్క వచ్చి వాసన చూసింది.

"గిది వేరే. లవంగం ఉన్నది."

అతనికి లవంగం తగల్లేదు. కుళ్లు మళ్లీ తలెత్తింది. గ్లాసు తిప్పి మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇప్పుడొచ్చింది అక్కా," అన్నాడు.