పైకొస, కిందికొస

రెండో సాక్సు మడమ దగ్గర ఆగిపోయింది. మంచం అంచున కూర్చున్న పైకొస ఎడమకాలిని కుడి మోకాలి మీదికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, వేళ్ళ చివరలతో ఆ సాక్సుని బతిమాలుతున్నాడు. అది మాట వినే రకం కాదు. ఆరునెలలుగా ఈ పని అతని భార్యది. ఆవిడ నేలమీద కూర్చుని తొడుగుతూంటే ఈయన పైకప్పు చూస్తూ “ఇంకాస్త లాగు, మడత పడింది” అని పెత్తనం చెయ్యడమే. ఈ ఒక్క పొద్దూ తనే తొడుక్కుంటానని భీష్మించుక్కూర్చున్నాడు.

“ఇలా ఇవ్వండి. సాక్సులు తొడుక్కోలేని మనిషి బీరువాలు మోస్తాడా? వింటే నవ్విపోతారు” అంది భార్య.

“బీరువాకి సాక్సులు తొడగక్కర్లేదే” అన్నాడు పైకొస. చివరికి ఆవిడే తొడిగింది.

పైకొస అన్నది అతని పేరు కాదు, పని. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసే కంపెనీలో ఉద్యోగం. బీరువాని మెట్లెక్కించాలంటే ఒకడు పైన వెనక్కి నడుస్తూ లాగాలి, ఇంకొకడు కిందనుంచి భుజంతో నెట్టాలి. పైన ఇతను, కింద ఇతని బావమరిది. ఏళ్ళ తరబడి ఆ వరస మారలేదు గనక కంపెనీలో ఒకడు పైకొస, ఇంకొకడు కిందికొస అయి కూర్చున్నారు. పైకొస చూడ్డానికి దిట్టంగా ఉంటాడు. భుజాలు చెవుల దాకా లేచి, అసలు మెడ ఉందో లేదో తెలియనివ్వవు. అరచేతుల్లో కాయలు కాసి, కాసి, చివరికి నున్నబడిపోయాయి. గొంతు మాత్రం కంచు. “మలుపు! గోడ! తల జాగ్రత్త!” అని అతను పైనుంచి కేకేస్తే కిందింటివాళ్ళు కూడా తలలు వంచుకునేవాళ్ళు.

అంతటి మనిషి నడుం పడిపోయింది బీరువా కింద కాదు. ఇనప బీరువాని ఒక మేడ చివరి అంతస్తు దాకా ఎక్కించి, కిందికొచ్చి, చెమట తుడుచుకుని, లారీలో మిగిలిపోయిన దిండు తియ్యడానికి వంగాడు. అంతే సంగతులు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. చేతిలో దిండు వదలకుండానే అతన్ని కిందికొస ఆసుపత్రికి మోసుకెళ్ళాడు. డిస్కు జారిందన్నారు. కంపెనీలో వాళ్ళు ఇప్పటికీ ఎవరైనా దిండు ముట్టుకోబోతే “ఒరేయ్, ఇద్దరు పట్టండ్రా” అంటారట.

ఇవాళ పరీక్ష. మళ్ళీ పనిలోకి రాగలడో లేదో చూసి చెప్పడానికి కంపెనీ పంపిస్తోంది. గట్టెక్కితే మోత పని, తప్పితే గోడౌను గేటు దగ్గర కుర్చీ. వచ్చేపోయే లారీలకి తాళ్ళూ దుప్పట్లూ అందిస్తూ కూర్చోవడం. నిజం చెప్పొద్దూ, ఆ కుర్చీ అంటే పైకొసకి చేదేమీ కాదు. నొప్పి తగ్గలేదని అతనికీ తెలుసు, భార్యకీ తెలుసు, ఆ సాక్సుకీ తెలుసు. కానీ కిందికొస మాటేమిటి? ఈ ఆరునెలల్లో వాడికి ఎవరెవర్నో జతచేశారు. ఒకడు చెప్పకుండా ఎత్తేస్తాడు, ఇంకొకడు చెప్పకుండా దించేస్తాడు. ఎవరిదో నిలువుటద్దం మెట్లమీదే ముక్కలైంది. అసలే నోట్లో నాలుక లేనివాడు. తను కుర్చీలో కూర్చుంటే వాడు ఒంటరివాడైపోతాడు. అందుకే నొప్పి దాచిపెట్టయినా సరే నెగ్గుకురావాలని పైకొస గట్టిగా అనుకున్నాడు.

“అక్కడికెళ్ళి మీ ప్రతాపం చూపించకండి. నొప్పుంటే నొప్పని చెప్పండి” అంది భార్య గుమ్మం దగ్గర.

“నొప్పా? ఎక్కడ?” అంటూ పైకొస గడప దాటి, ఆవిడ లోపలికి వెళ్ళిందాకా ఆగి, అప్పుడు గోడ పట్టుకున్నాడు.

వీధి చివర కిందికొస కాచుకుని ఉన్నాడు. పొడుగ్గా, సన్నగా, ఎండిన మునక్కాడలా ఉంటాడు. మొహంలో అన్నిటికంటే పెద్దవి చెవులే. పక్క వీధిలో కాపురం, అక్క అంటే భయం, బావ అంటే ప్రాణం. ఇవాళ పని మానుకుని మరీ తోడొచ్చాడు. బస్సులో రెండు సీట్లు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు.

“కూర్చోరా.”

“ఫర్వాలేదు బావా.” కాసేపాగి వంగి చెవిలో చెప్పాడు. “మన డ్రైవర్ని కూడా ఇవాళ నిన్ను చూడబోయే ఆవిడే పరీక్ష చేసిందట. కబుర్లు చెబుతూ కావాలని ఏదో ఒకటి కింద పడేస్తుందట. మనం వంగి తీస్తామా, మొహం ఎలా పెడతామా అని చూస్తుందట.”

“పడెయ్యనీ” అన్నాడు పైకొస మీసం దువ్వుకుని.

పరీక్ష గది పొడుగ్గా ఉంది. ఒక పక్క ఎక్కడికీ వెళ్ళని మెట్లు నాలుగు, పైకెక్కి మళ్ళీ అటుపక్క దిగిపోతాయి. ఒక పక్క బల్లలు, బరువులు, రెండువైపులా పిడులున్న చెక్కపెట్టె. మధ్యలో ఒక నడివయసు ఆవిడ, కళ్ళద్దాలు నెత్తిమీద, జలుబు ముక్కులో. ఆవిడ చదివింది ఫిజియోథెరపీయే గానీ తెల్లకోటు వేసుకున్నవాళ్ళంతా పైకొసకి డాక్టర్లే. కిందికొసని ఆవిడ బయట ఉండమంది. వాడు తలుపు అద్దంలోంచి చెవులు కనబడేలా నిలబడ్డాడు.

“నొప్పి ఎలా ఉందండీ?” అని అడిగింది.

“మర్చిపోయానమ్మా” అన్నాడు పైకొస. అతని చూపంతా ఆవిడ చేతిలో పెన్ను మీదే ఉంది. ఎప్పుడు పడేస్తుందా అని కాచుకున్నాడు. ఆవిడ రాస్తోంది గానీ పడెయ్యడం లేదు. ఇంతలో ఆవిడకి తుమ్మొచ్చింది. నెత్తిమీది కళ్ళద్దాలు ఎగిరి నేలమీద పడ్డాయి.

ఆహా, ఇదీ కిటుకు! పైకొస ఒక్క ఉదుటున వంగాడు. అద్దాలు చేతికి చిక్కాయి. నడుం కూడా అక్కడే చిక్కుకుపోయింది.

“అయ్యో, నేను తీసుకునేదాన్ని కదా” అంది ఆవిడ, నిజంగానే నొచ్చుకుని.

“ఎంతమాట” అన్నాడు పైకొస నేలతో.

కాసేపు గడిచింది. ఆవిడ చూస్తోంది. అతను నేల పలకల మధ్య సందులు చూస్తున్నాడు.

“లేవండి.”

“తొందరేముందమ్మా. మీరు అడగాల్సినవి అడగండి. ఇక్కణ్ణుంచే చెబుతాను.”

ఆవిడ నవ్వలేదు. ఆవిడ మంచితనం అది. ఒక స్టూలు లాక్కొచ్చి అతని చేతికింద పెట్టి, నడుం మీద అరచెయ్యి ఆనించి, ఊపిరి వదలమని, మెల్లగా లేపింది. పైకొస మొహం కందగడ్డలా అయింది. అయినా అద్దాలు జేబురుమాలుతో తుడిచి మరీ ఇచ్చాడు.

“ఇక చాలా? పోనీ ఆపేద్దామా?”

“అప్పుడేనా? నేనింకా మొదలేపెట్టలేదు” అన్నాడు.

అప్పుడు ఆవిడ చెక్కపెట్టెని నడుమెత్తు బల్లమీద పెట్టి, లోపల తేలికపాటి బరువొకటి వేసి, పక్క బల్లమీదికి మార్చమంది. పైకొస పెట్టె దగ్గరికెళ్ళి, ఇటువైపు పిడి పట్టుకుని, కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. నిలబడినవాడు నిలబడే ఉన్నాడు.

“పట్టావా?” అన్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. “ఎవర్ని అడుగుతున్నారు?”

పైకొస సిగ్గుతో చచ్చిపోయాడు. “అలవాటమ్మా. ఆ చివర మనిషి పట్టానని చెప్పిందాకా ఈ చివర చెయ్యి లేవదు.”

“పరీక్ష మీకండీ. ఒక్కరే ఎత్తాలి.”

“ఒక్కణ్ణే ఎప్పుడూ ఎత్తలేదమ్మా. ఇంట్లో టీపాయి జరపాలన్నా మా ఆవిణ్ణి అటు పట్టుకోమంటాను.” అన్నాడేగానీ మళ్ళీ ప్రయత్నించాడు. రెండు చేతులూ రెండు పిడుల మీదా వేశాడు. చేతులకి పెట్టె అందింది గానీ మనసుకి ఆ చివర అందలేదు. కళ్ళు ఎదురుగా ఉన్న ఖాళీలో మనిషిని వెతుక్కుంటున్నాయి.

పని ఎగ్గొట్టడానికి లేని నొప్పి నటించేవాళ్ళని ఆవిడ ఎంతమందిని చూసిందో. ఉన్న నొప్పి దాచుకుని, లేని మనిషిని వెతుక్కునేవాణ్ణి చూడ్డం ఇదే మొదలు. లేచి తలుపు తీసి, “లోపలికి రండి” అని చెవుల్ని పిలిచింది.

కిందికొస వస్తూనే పెట్టె అవతలికి వెళ్ళి నిలబడ్డాడు.

“పట్టావా?”

“పట్టా బావా.”

“ఊఁ!”

పెట్టె లేచింది. చూడముచ్చటగా, నీళ్ళగ్లాసు పెట్టినా తొణకనంత నిమ్మళంగా లేచింది. ఆవిడ బరువు పెంచింది. మళ్ళీ లేచింది. ఎక్కడికీ వెళ్ళని ఆ మెట్లు ఎక్కించమంది. “మెట్టు! మలుపు! గోడ!” అని పైకొస గొంతు గదంతా మోగిపోయింది. అక్కడ మలుపూ లేదు, గోడా లేదు. అయినా కిందికొస మలుపు దగ్గర తిరిగినట్టే తిరిగాడు. ఆరునెలల తరవాత పైకొసకి తన ఒళ్ళు తనదనిపించింది. నెగ్గేశాననుకున్నాడు. ఎంత సంతోషమంటే, నొప్పి కూడా ఎక్కడో అడుగున పడిపోయింది.

ఆవిడ దగ్గరికొచ్చి ఇద్దరి చేతులూ చూసింది. తరవాత మెల్లగా అంది. “బాబాయిగారూ, మీరొక్కసారి చెయ్యి వదలండి.”

“వదిలితే వాడి కాలిమీద పడుతుందమ్మా!”

“పడదు. వదలండి.”

పైకొస బితుకుబితుకుమంటూ వేళ్ళు సడలించాడు. పెట్టె కదల్లేదు. ఇటు చివర గాల్లో అలాగే ఉంది. అవతల కిందికొస పెట్టెని పొట్టకి అదుముకుని, మెడనరాలు తేలి, చొక్కా తడిసిపోయి, ఏ పాపం ఎరగనివాడిలా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“వీడొకడు” అన్నాడు పైకొస.

కిందికొసని బయటికి పంపించి ఆవిడ ఎదురుగా కూర్చుంది. “మళ్ళీ మోతకెళ్ళాలని మీకు నిజంగా ఉందా?”

ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. పైకొస కాసేపు అరచేతులు చూసుకున్నాడు. “నాకు లేదమ్మా. కానీ నేను మానేస్తే వాడు ఏమైపోతాడు? నేను తప్ప వాడికి ఎవరూ కుదరరు.”

“ఇంకోసారి ఆ డిస్కు జారితే మీరు మంచం దిగరు. అప్పుడు వాళ్ళే మిమ్మల్ని అటూ ఇటూ పట్టుకుని ఎత్తాలి. మోత పని కుదరదని రాస్తున్నాను. తిట్టుకోవాలంటే నన్ను తిట్టుకోండి.” గుమ్మం దాకా వచ్చి ఇంకో మాట అంది. “వెళ్ళేటప్పుడు మీ బావమరిది నడక కూడా కాస్త చూడండి.”

పైకొస ఆ మాట సరిగా వినిపించుకోలేదు. వాడికి ఎలా చెప్పాలా అని లోపల ఒకటే మథన. ఇద్దరూ బస్సు స్టాపుకి వచ్చారు. ఎండ బాగా ఎక్కింది. బల్ల ఖాళీగా ఉంది. పైకొస చతికిలబడ్డాడు. కిందికొస స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

“తప్పానురా” అన్నాడు పైకొస నేలచూపులు చూస్తూ. “ఇక నాతో మోత లేదు. గేటు దగ్గర కుర్చీయే. నువ్వేం దిగులు పడకు, నేను మేనేజరుతో మాట్లాడి మంచి మనిషిని...”

తలెత్తి చూస్తే, వాడు నవ్వుతున్నాడు. ఆపుకోవాలని చూస్తున్నాడు గానీ నవ్వు చెవుల దాకా పోయింది.

పైకొసకి ఒళ్ళు మండిపోయింది. “నేను తప్పితే నీకంత సంబరమేంట్రా?”

“తిట్టకు బావా.” కిందికొస స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని, పళ్ళు కరిచి, కొంచెం కొంచెంగా దిగి, బల్లమీద కూర్చున్నాడు. కూర్చున్నాక ‘అబ్బా’ అన్నాడు. ప్యాంటు రెండు కాళ్ళూ పైకి మడిచాడు. మోకాళ్ళు రెండూ ఉబ్బి ఉన్నాయి. ఒక్కోదాని మీద మందపాటి పట్టీ బిగించి ఉంది. చెమటకి ఉప్పు తేలి, అంచులు పోగులు పోయి, ఎప్పటివో.

“ఎన్నాళ్ళనుంచిరా?”

“చాన్నాళ్ళయింది. చెబితే నాకోసం నువ్వూ మానేస్తావు. మోత లేకపోతే నువ్వు ఉండలేవు కదా అని ఊరుకున్నా. నువ్వు పనిలో ఉండగా నేనెలా మానేది? కింద ఇంకొకడు పడితే నిన్ను మెట్లమీంచి తోసేస్తాడు.” కిందికొస ఒక్కో పట్టీ విప్పి పక్కన పెట్టాడు. వాటికింద చర్మం తెల్లగా, ముడతలు ముడతలుగా ఉంది. గోళ్ళతో బరబరా గీరుకున్నాడు. “మా వీధిలో కుర్చీలకి వైరు అల్లే ఆయన ఎప్పట్నించో రమ్మంటున్నాడు బావా. కూర్చుని చేసే పని. ఇన్ని కుర్చీలు మోశాం గానీ ఒక్కదానిమీదయినా కూర్చున్నామా?”

నీకోసమే కదరా నేనూ ఇవాళ అక్కడ వంగి చచ్చింది అనాలని పైకొస నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళలో ఇద్దరిలో ఎవడో ఒకడు నోరు తెరిచి ఉంటే ఎంత బాగుండేది! నవ్వొచ్చింది. నవ్వబోతే ఏడుపొచ్చింది. మొహం అటు తిప్పుకున్నాడు.

“ఈ సంగతి మీ అక్కకి చెప్పకు. నవ్వి నవ్వి ఇద్దర్నీ చంపేస్తుంది” అన్నాడు.

కంపెనీవైపు వెళ్ళే బస్సు ముందొచ్చింది. “నేను వెళ్ళి మానేస్తున్నానని చెప్పేసి వస్తా బావా. మళ్ళీ మనసు మారకముందే” అంటూ కిందికొస చెయ్యి చాపాడు. పైకొస పట్టుకుని లేపాడు. ఎవరి బరువు ఎవరిమీద పడిందో ఇద్దరికీ తెలియలేదు. వాడు బస్సెక్కాడు. ఖాళీ సీటు వెతుక్కుని దర్జాగా కూర్చోవడం కిటికీలోంచి కనిపించింది. బస్సు మలుపు తిరిగిందాకా పైకొస చూస్తూ నిలబడ్డాడు. తన బస్సు వస్తే, కడ్డీ పట్టుకుని, నడుం సంబాళించుకుంటూ ఎక్కాడు.

బల్లమీద ఆ పట్టీలు రెండూ మిగిలాయి, ఇంకా వంగిన మోకాళ్ళ ఆకారంలోనే.