డేవిస్ చేట్టన్ తీసేయని పేరు

త్రిశ్శూరులోని ఆ ఆస్పత్రిలో పొద్దున్నే డైరెక్టరీ సర్వర్ డిస్కు పోయింది. ఎవరు డాక్టరో, ఎవరు నర్సో, ఎవరి పాస్‌వర్డ్ ఏమిటో గుర్తుపెట్టుకున్నది అదొక్కటే. అది నోరు మూసుకోగానే ఏ కంప్యూటరూ ఎవరినీ పోల్చుకోవడం మానేసింది.

ఆస్పత్రి కంప్యూటర్లు చూసుకునే రోసిలీకి క్యాన్సర్ వార్డు నుంచి నర్సు బీనా ఫోన్ చేసింది. ఆమెకు రోసిలీ అంటే చేచీ, అక్క.

"రోసిలీ చేచీ, చేలక్కర నుంచి అమ్మిణియమ్మ వచ్చి కూర్చుంది. నిన్నటి రక్తపరీక్ష చూడందే డాక్టరు మందెక్కించనంటున్నారు. ల్యాబువాళ్ళకీ ఏమీ తెరుచుకోవడం లేదట. మళ్ళీ రక్తం తీద్దామంటే ఆమె చేతుల్లో మిగిలింది ఒక్క నరం. అది మందుకని దాచాను. దాన్నీ పాడుచేసుకుంటే ఇవాళ ఇంటికి పంపెయ్యాలి."

"దాచే ఉంచు" అంది రోసిలీ.

బ్యాకప్ వేరే యంత్రంలో భద్రంగానే ఉంది. కొత్త సర్వర్‌ను సిద్ధం చేసి, రోసిలీ ఆ యంత్రం ముందు కూర్చుని తన పేరూ పాస్‌వర్డూ కొట్టింది. ఒప్పుకోలేదు. మళ్ళీ కొట్టింది. అప్పుడు తెలిసొచ్చింది. ఎక్కడికక్కడ వేరే పాస్‌వర్డు ఎందుకని ఆ యంత్రాన్ని కూడా డైరెక్టరీకే ముడిపెట్టింది తనే. ఈమెను రానివ్వనా అని అది అడగాల్సింది, ఆ చచ్చిపడి ఉన్న సర్వర్నే.

పక్కన డేవిస్ చేట్టన్ పరిప్పువడ తుంచుకుని తింటున్నాడు. ఇద్దరిదీ ఒకే ఉద్యోగం, ఆయన వయసులో కాస్త పెద్ద, అందుకే చేట్టన్, అంటే అన్న. ఊళ్ళో పూరం ఉత్సవానికి ముందు బాణసంచా సాంపిల్ కాల్చి చూసినట్టు బ్యాకప్‌కీ ఓ సాంపిల్ ఉండాలని, రోసిలీ సెలవులో ఉండగా ఆయన డైరెక్టరీ తీగ పీకేసి, అంతా మళ్ళీ నిలబెట్టి చూశాడు. అందుకోసం ఈ యంత్రంలోనే, డైరెక్టరీతో పనిలేకుండా లోపలికి రానిచ్చే పేరొకటి పెట్టుకున్నాడు. తిరిగొచ్చిన రోసిలీ ఆ పేరు చూసి, ఎందుకని కూడా అడక్కుండా తీసేయమంది.

"చేట్టా, ఆ సాంపిల్ నాటి పేరు తీసేశారా?"

"తీసేయమన్నావుగా."

రోసిలీ మీటల మీంచి చేతులు తీసేసింది.

"తీసేస్తానన్నాను" అన్నాడాయన చేతులు తుడుచుకుంటూ. "తీసేశానని ఎప్పుడైనా అన్నానా? జరుగు."

"పాస్‌వర్డ్ ఏంటి?"

"ఓ ఏనుగు పేరూ, దాని చుట్టూ ఇంకా చాలా. అటు తిరుగు."

ఆమె గోడవైపు తిరిగింది. యంత్రం తెరుచుకున్న చప్పుడు విని కళ్ళు మూసుకుంది.

గబగబా పేర్లన్నీ కొత్త సర్వర్లో పోయబోతే ఆయన ఆపాడు.

"ముందు సెట్టింగులు పెట్టు తల్లీ. ఎవరిది ఏ వార్డో రాయడానికి మనం సొంతంగా కలుపుకున్న గడి సంగతి దీనికి తెలీదు. ఇదేంటని నర్సులందర్నీ బయటికి నెట్టేస్తుంది. సాంపిల్‌లో నెట్టింది."

ముందు సెట్టింగులు, తర్వాత పేర్లు. పేర్ల పాత లెక్కకూ కొత్త లెక్కకూ తేడా లేదు. రోసిలీ వార్డుకు ఫోన్ చేసింది.

"బీనా, ఇప్పుడు నీ పేరు కొట్టి చూడు."

అవతల మీటల చప్పుడు. తర్వాత డాక్టరు గొంతు.

"వచ్చింది చేచీ. రక్తం బాగుంది. మందెక్కించమంటున్నారు."

ఫోన్ పక్కన పెట్టి బీనా ఎవరితోనో అంటోంది: "అమ్మూమ్మా, చెయ్యి ఇటివ్వండి. ఒక్కటే సూది."

"ఒక్కటేనా?" అంది ముసలిగొంతు. "పొద్దుట్నుంచీ రెండింటికి భయపడి కూర్చున్నానే పిల్లా. ఒక భయం దండగైపోయింది."

రోసిలీ ఫోన్ పెట్టకుండా వింటూనే, రెండో చేత్తో డేవిస్ చేట్టన్ మోచెయ్యి పట్టుకుంది. ఆయన ఈసారి వెక్కిరించలేదు. సూది దిగిందని బీనా చెప్పేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.