రెండో ఏసా

విల్మా మాస్లిన్ కాఫీ కప్పును అంచుదాకా నింపి, పొయ్యి దగ్గర నుంచి కిటికీ దాకా పదకొండు అడుగులు నడిచింది. చుక్క తొణకలేదు. కప్పు పక్కన పెట్టి రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్లు విడదీసి, నూరుదాకా లెక్కపెట్టింది. ఏ వేలూ కదలలేదు. అప్పుడు కూర్చుని కాఫీ తాగింది. ఇరవై ఏడేళ్లుగా ఆమెకు ఇలాగే తెల్లవారుతోంది.

అది 1974 ఏప్రిల్. మంచు కరిగి కనెటికట్ దారులన్నీ బురదగా ఉన్నాయి. విల్మా బూట్లు దులుపుకుని ఈస్ట్ లెడ్‌బరీ ఊరి కచేరీలోకి వెళ్లింది. ఇనప తలుపు గదిలోంచి పాత జనన మరణాల పుస్తకాలు తెచ్చి ఇవ్వడం, తిరిగి సర్దడం ఆమె పని. సాయంత్రానికి తోలు అట్టల ఎర్రపొడి అరచేతుల గీతల్లో నిలిచిపోయేది. వచ్చేవాళ్లంతా తమ పెద్దలు ఇంగ్లండులో ఏ ఊరివాళ్లో, ఏ ఓడలో వచ్చారో వెతుక్కునేవాళ్లు. ఒకరికి వంశంలో ఓ దొర కావాలి. ఇంకొకరికి మొట్టమొదటి ఓడే కావాలి.

విల్మాకు కావలసింది చచ్చిపోయిన ఒక పసిబిడ్డ.

ఇరవయ్యో ఏట, వడ్రంగి క్లేటన్‌తో పెళ్లి కుదిరిన వారంలో, ఊరి ముసలి డాక్టరు ఆమెను పిలిపించాడు. "మీ వంశకర్త జోనాస్ మొదటి భార్య మెర్సీ. ఆమె పుట్టింటివాళ్లది ఒక జబ్బు. నలభై దాటాక కాళ్లూ చేతులూ వాటంతటవే ఎగురుతాయి. ఆనక మతి పోతుంది. ఆ జబ్బు ఉన్నవాళ్ల పిల్లల్లో సగం మందికి వస్తుంది. మెర్సీ కొడుకు ఏసా సంతతి మీరు. మీ నాన్న మిల్లు కప్పు మీంచి పడ్డాడు. మీ తాత ఫ్లూతో పోయాడు. ఏసా ఊరు విడిచిపోయాడు, ఆ తరవాత ఇక్కడి మీ మగవాళ్లెవరూ నలభై చూడలేదు, కాబట్టి మీకుందో లేదో చెప్పలేను. పిల్లల్ని కనకమ్మా."

ఆ ఆదివారమే ఆమె ఉంగరం తిరిగిచ్చేసింది. క్లేటన్‌కు కారణం చెప్పలేదు.

కచేరీలో చేరిన ఏడాదికి ఆమెకు ఒక ఆశ దొరికింది. జోనాస్‌కు పేషెన్స్ అనే రెండో భార్య ఉంది. ఆ రోజుల్లో బిడ్డ పోతే, తరవాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టేవాళ్లు. ఒక్కో ఇంట్లో ముగ్గురేసి శామ్యూళ్లు. మెర్సీ కన్న ఏసా ఉయ్యాలలోనే పోయి, పేషెన్స్ మరో ఏసాను కని ఉంటే, మాస్లిన్లలో మెర్సీ రక్తం బొట్టు కూడా లేనట్టే. కానీ ఊరి పుస్తకంలో మొదటి ఏసా పుట్టుక ఒక్కటే ఉంది. చావులు రాసిన చర్చి పుస్తకాన్ని, పడమటికి వలసపోతూ అప్పటి పాదిరి బండిలో వేసుకుపోయాడు.

పదకొండింటికి కచేరీ పెద్ద మిసెస్ ఫాలెట్ తలుపులోంచి తొంగిచూసింది.

"విల్మా! ఒహాయో నుంచి నీ చుట్టమట. జుట్టు సర్దుకో, మనిషి చూడ్డానికి బానే ఉన్నాడు."

"చుట్టమేగా, ఇంక జుట్టెందుకు?" అంది విల్మా.

లోపలికి వచ్చినాయనకు యాభై రెండేళ్లుంటాయి. పొడుగు మనిషి. టోపీ తీసి, "ఓర్విల్ మాస్లిన్, ట్రాక్టర్లు అమ్ముతాను" అన్నాడు.

"పెన్ను జేబులో పెట్టేయండి. ఈ పాత పుస్తకాల దగ్గర పెన్సిలే" అంది విల్మా.

"అబ్బో, మా పంతులమ్మ కూడా ఇంత భయపెట్టలేదు." సంచిలోంచి నోటుపుస్తకం తీశాడు. "ఏసా మా ముత్తాతకు తాత. చిన్న కొడుకుతో ముసలితనంలో ఒహాయో వచ్చాడు. నువ్వు పెద్దకొడుకు వైపా? అయితే దాయాదులమే, చెల్లెమ్మా. ఇది చూడు. మీ ఊరి పాదిరిగారి పుస్తకం మా పక్క పల్లెలో ఒకళ్ల అటక మీద దొరికింది. అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను."

విల్మా చదివింది. 1754 సెప్టెంబరు 3: జోనాస్, మెర్సీల కొడుకు ఏసా, రెండేళ్లవాడు, గొంతు జబ్బుతో చనిపోగా ఖననం. కింద, 1758 మార్చి 12: జోనాస్, పేషెన్స్‌ల కొడుకు ఏసాకు బాప్తిస్మం.

మూడుసార్లు చదివింది. పుస్తకం తెస్తానని చెప్పి ఇనప తలుపు వెనక్కి వెళ్లి, మెట్ల పీట మీద కూలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. క్లేటన్‌కు ఇప్పుడు నలుగురు మనవలు. పోనీ. ఇక భయపడక్కర్లేదు. రేపు కాఫీని మామూలుగా పోసుకోవచ్చు. ఆ సంతోషం పది నిమిషాలుంది.

ఆమె పుస్తకం తెచ్చేసరికి ఓర్విల్ రాసుకుంటున్నాడు. పెన్సిలు కాగితం మీంచి ఎగిరి కిందపడింది. వంగి తీశాడు. అతని కాలు బల్ల కింద కుర్చీని టకటకా తన్నుతోంది. భుజం ఒకటి, ఎవరో గిల్లినట్టు, ఉలిక్కిపడింది.

"ఏమీ అనుకోకు. దీన్ని మా ఊళ్లో మాస్లిన్ నడక అంటారు. మా నాన్న వీధిలో వస్తుంటే కుక్కలు కూడా తప్పుకునేవి. ఎటు పడతాడో తెలీదుగా!" నవ్వాడు. "తాతనైతే చివర్లో కుర్చీకి కట్టేవాళ్లు. ముసలాయన ఏసాకి కూడా చెంచా నోటిదాకా వెళ్లేది కాదట. వంశమంటే వంశమే మరి."

విల్మా బల్ల అంచు పట్టుకుంది. జబ్బు మెర్సీది కాదు. డాక్టరు పొరబడ్డాడు. అది ఏసాతోనే వచ్చింది. పేషెన్స్ ఇచ్చిందో, జోనాస్ ఇచ్చాడో.

"డాక్టరుకు చూపించారా?"

"నరాల బలహీనతన్నాడు. కాలేయం తినమన్నాడు. ఈ వయసులో కాలేయమేంటి చెప్పు!"

"పిల్లలు?"

"ముగ్గురు. చిన్నదానికి పెళ్లయి ఏడాదైంది. కొడుకు పుడితే ఏసా అని పెడుతుందట. నేనే ఒప్పించాను."

ఆమె నోరు తెరిచింది. ముసలి డాక్టరు మాటలు వరసగా నాలుక మీదికి వచ్చాయి. ఎదురుగా అతని మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది. తెచ్చిన పుస్తకాన్ని అతని ముందుకు జరిపింది.

మూడింటికి ఓర్విల్ విలాసం రాసిచ్చి, ఆమెను గట్టిగా హత్తుకుని వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూసింది. బురదలో అతని కాళ్లు చెరో వైపుకీ పోతున్నాయి.

పుస్తకాన్ని పై అరలో పెట్టబోతుంటే అది చేతిలోంచి జారి నేల మీద పడింది. భయానికా? మరొకందుకా? చేతులు ముందుకు చాపడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. పుస్తకం తీసి, కుట్లు తడిమి చూసి, రెండు చేతులతో అరలో పెట్టింది.

"ఇంకా వెళ్లలేదా?" అంది మిసెస్ ఫాలెట్, కోటు తొడుక్కుంటూ.

"ఓ ఉత్తరం రాసుకుని వెళ్తాను."

"ఆ ట్రాక్టర్లాయనకేనా? అదీ సంగతి!"

"ఆయనకే" అంది విల్మా.

మర్నాడు ఆమె రాలేదు. బల్ల మీద రెండు కవర్లున్నాయి. పల్చటిది మిసెస్ ఫాలెట్‌కు: ఉద్యోగం మానేస్తున్నాను, తాళాలు సొరుగులో ఉన్నాయి, అంతే. మందంగా ఉన్నది ఒహాయోకు. స్టాంపు అంటించి ఉంది. మిసెస్ ఫాలెట్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నిట్టూర్చి, తపాలా బుట్టలో వేసింది. కవర్లు తీశాక బల్ల మీద పుటలు తిప్పేటప్పుడు వేలికి తొడుక్కునే రబ్బరు తొడుగు ఒక్కటి మిగిలింది, అరిగి పల్చబడి, ఇంకా లోపల వేలున్నట్టే నిలబడి.