నాలుగో నెంబరు ప్రెస్సు

పొద్దున పదకొండింటికి నాలుగో నెంబరు ప్రెస్సు కింద మేమంతా పెద్దక్క అని పిలిచే ఆవిడ కుడిచేతి వేళ్లు మూడు తెగిపోయాయి. మర్నాడు ఎనిమిదింటికి కంపెనీ వాళ్లు ఆమెను ఇంటి నుంచి కార్లో తెచ్చి, చేతికి కట్టుతోనే టైం ఆఫీసులో కుర్చీ మీద కూర్చోబెట్టారు. మనిషి డ్యూటీకి వస్తే ప్రమాదం లెక్కలోకి రాదు. గేటు దగ్గర బోర్డు మీద 'ప్రమాదం లేని రోజులు' 211 నుంచి 212 అయింది.

రేకును అచ్చుతో కొట్టి ముక్కలు చేసే ఆ ప్రెస్సుకు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే అచ్చు దిగుతుంది. అప్పుడు చెయ్యి కింద ఉండే వీలు లేదు. అలా నడిపితే గంటకు మూడు వందల ముక్కలు వస్తాయి. కంపెనీ అడిగేది ఐదు వందలు. అందుకని కుడి బటన్ నొక్కుకునే ఉండేలా సందులో చెక్కముక్క దిగ్గొట్టి, ఎడమ చేత్తో నొక్కుతూ కుడి చేత్తో రేకు అందించేవాళ్లం. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ చెక్క కొట్టడం నేర్పింది పెద్దక్కే.

మూడో రోజు భద్రతా కమిటీ కూర్చుంది. మేనేజరు, పర్సనల్ ఆఫీసరు, ఫోర్‌మన్. ప్రెస్సు ముందు నిలబడేవాళ్లు అందులో ఒక్కరూ లేరు. పావుగంటలో తేల్చేశారు. ఫోర్‌మన్ కాగితం పట్టుకొచ్చాడు. 'ప్రమాదానికి నా నిర్లక్ష్యమే కారణం' అని ఉంది.

"సంతకం పెట్టమ్మా. ఉద్యోగం ఉంటుంది. లేదంటే ఎల్లుండి నుంచి రానక్కర్లేదు."

"ఏ చేత్తో పెట్టమంటావయ్యా?"

"వెటకారాలొద్దు. రేపు సాయంత్రం దాకా టైముంది."

మధ్యాహ్నం క్యాంటీన్లో వాదన మొదలైంది.

"పెట్టేస్తే పోలా?" అన్నాడు ఒకటో నెంబరు నడిపే పొడుగాయన. "చెక్క కొట్టింది మనమేగా. ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?"

"కొట్టమన్నదెవరు?" అన్నాడు మిషన్లు బాగుచేసే ఫిట్టరు బాబాయి.

"మేనేజరు కాగితమ్మీద చెప్పాడా?"

"ఐదు వందలు రాకపోతే ఇంటికి పొమ్మన్నాడు. దానికి కాగితం కావాలా? ఇప్పుడు చేతులు దులుపుకుంటున్నాడు. దులుపుకోడానికి వాడికి చేతులున్నాయి."

పెద్దక్క అందరూ ఆగేదాకా చూసింది.

"నేను సంతకం పెడితే తప్పు నాది. తప్పు నాదైతే మిషను మంచిదే. రేపు దాని ముందు మీలో ఎవర్నో నిలబెడతారు. మీకు చెక్క కొట్టడం నేర్పిన పాపం నాదే, ఒప్పుకుంటా. ఆ కాగితం మీద మాత్రం పెట్టను."

పొడుగాయన కంచం పక్కకు జరిపాడు.

"అయితే నేనూ రాసిస్తా. కొట్టానని, ఎవడి భయంతో కొట్టానో కూడా."

సాయంత్రానికి ముప్పై నాలుగు కాగితాలయ్యాయి. వాటి మీద మూడు కోరికలు రాశాం. కమిటీని మిషన్ నడిపేవాళ్లు ఎన్నుకోవాలి. ప్రమాదం కనిపిస్తే ఎవరైనా మిషన్ ఆపవచ్చు. రెండు చేతులతో వచ్చే లెక్కే అసలు లెక్క.

మర్నాడు పొద్దున్నే ఫిట్టరు బాబాయి పన్నెండు ప్రెస్సుల చెక్కలూ పీకేశాడు. గంటకు రెండు వందల ఎనభై వచ్చాయి. మేనేజరు మా పని షెడ్డు, ప్రెస్సు షాపులోకి దిగాడు.

"ఎవడి తెలివిరా ఇది?"

"మీదే సార్," అని పొడుగాయన గోడ చూపించాడు. "'రెండు చేతులతోనే నడపవలెను.' మీరు రాయించిందే."

"అది తనిఖీకొచ్చేవాళ్ల కోసం."

ఆ మాట షాపంతా విన్నది.

సాయంత్రం పెద్దక్క సంతకం పెట్టనంది. ఆమె చేతికి తొలగింపు కాగితం ఇచ్చారు. యంత్రాలు పాడుచేశాడన్న ఫిర్యాదు మీద పోలీసులు ఫిట్టరు బాబాయిని తీసుకుపోయారు. పన్నెండు ప్రెస్సులూ ఆపేసి మేం గేటు బయట కూర్చున్నాం. అక్కడే భద్రతా కమిటీకి ఐదుగురిని ఎన్నుకున్నాం. మొదటి పేరు పెద్దక్కది.

పర్సనల్ ఆఫీసరు గేటు ఊచల వెనక నుంచి అన్నాడు. "ఆవిడ కంపెనీ మనిషే కాదిప్పుడు."

"మా మనిషి," అన్నాడు పొడుగాయన.

అప్పుడు బాయిలర్ ఆపరేటరు బయటికొచ్చాడు. చేతులకు మసి ఉంది.

"ప్రెస్సు షాపు వాళ్లేనా, మేమూ చెప్పుకోవచ్చా?"

"చెప్పన్నా," అంది పెద్దక్క.

"బాయిలర్ సేఫ్టీ వాల్వు పట్టేసి మూడు నెలలైంది, ఆవిరి ఎక్కువైతే పేలిపోద్ది. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఇప్పుడే దాని కింద నిప్పు లాగేసి వస్తున్నా."

అతని వెనక పెయింటింగు షాపు ఆడవాళ్లు రంగుల ఘాటుకు దగ్గుకుంటూ వస్తున్నారు. లోపల ఆవిరి తగ్గుతోంది. ఒక్కో షాపు చప్పుడూ ఆగిపోవడం గేటు బయటికి తెలుస్తోంది. పర్సనల్ ఆఫీసరు లోపలికి పరిగెత్తాడు.

పెద్దక్క తర్వాతి మనిషిని పిలిచింది.